నీలి తాడు మీది గాట్లు

నిన్న తొందరపడి ఒకామె పొట్ట కొట్టబోయాను.

భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లోని మా షెడ్డులో, సముద్రం మీద తేలే బోయాలను లంగరుకు కట్టి ఉంచే ఉక్కు తాళ్లు తయారవుతాయి. పైన నీలం ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. సముద్రం నుంచి తిరిగొచ్చిన ఒక తాడును యజమాని పొద్దున్నే, సరుకు తనిఖీ చేసే నా ముందు పడేసి, తొడుగు ఎవరి వల్ల తెగిందో తేల్చమన్నాడు. తెగిన చోటల్లా ఉప్పునీరు దిగి తీగలు తుప్పుపట్టాయి. గాట్లు సన్నగా, పదునుగా ఉన్నాయి. ఉక్కు ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి. గాటు కనబడితే కత్తో గ్రైండరో తప్ప మరేదీ తోచదు.

తాడు చుట్టలకు గోనె కుట్టి, మిగిలిన గోనెను కత్తితో కోసేది ఒక్కామే. శ్రీకాకుళం వైపు మనిషి, ఖుర్సీపార్‌లో మా వెనక వీధిలో ఉంటుంది. అక్కా అని పిలుస్తాను. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ తెలుగే. నిన్న మాత్రం షెడ్డంతా వినేలా, ఇది నీ కత్తి పనేనని హిందీలో అన్నాను.

"నాను తాడు మీద కత్తి ఎయ్యనేదు బాబూ," అంది, తెలుగులోనే.

యజమానికి ఆ మాట అర్థం కాలేదు. నేను హిందీలో చెప్పనూ లేదు. ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె దబ్బనం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత ఫొటోలు తీస్తూ తొడుగును తడిమితే వేలికి ఏదో గుచ్చుకుంది. పట్టకారుతో లాగాను. సూదిమొన లాంటి తెల్లటి ముక్క. పన్ను. గాట్లు తాడుకు రెండు పక్కలా ఎదురెదురుగా ఉన్నాయి. పొద్దున కూడా అలాగే కనిపించాయి; నేనే ఆగి ఆలోచించలేదు.

పన్ను చూపిస్తే యజమాని గొణుక్కుంటూ ఆమెను రమ్మనమన్నాడు. ఖుర్సీపార్ వెళ్లాను. తప్పు నాదే అక్కా, తాడును చేప కొరికింది, రేపు పనికి రా అన్నాను. ఆమె బిందె తోముతూనే ఉంది.

"సముద్రంలో చేప భిలాయి దాకా ఒచ్చి నా కూడు కొరికిందన్నమాట," అంది. బిందె పక్కన పెట్టి, "అందరి ముందర హిందీలో అన్నావు. ఇక్కడ గుమ్మంలో తెలుగులో చెప్తే సరిపోద్దేటి?"

 అయితే షిఫ్టు వదలకముందే షెడ్డుకు రమ్మన్నాను. నా స్కూటరు ఎక్కనంది, ఆటోలో వచ్చింది.

పొద్దున నిలబడ్డ చోటే నిలబడి మెషీన్లు ఆపించాను. చేప అనగానే ఎవరో నవ్వారు. పన్ను చేతికిచ్చాక నవ్వు ఆగింది. అప్పుడు యజమాని వైపు తిరిగి, పొద్దున ఆమె చెప్పగా నేను మింగేసిన మాటను హిందీలో, అందరికీ వినబడేలా చెప్పాను.