కాంతమ్మ గాలి తీసిన బ్రేకు

మా చిన్నమ్మ కాంతమ్మకు కారంటే దేవుడితో సమానం. తప్పు ఆమెది కాదు, మా చిన్నాయన చెంగల్రాయలుది. గుడియాత్తంలో వేరుశనగ వ్యాపారం చేసే దేవరాజులు నాయుడి దగ్గర ఆయన డ్రైవరు. ప్రతి శుక్రవారం కారు కడిగి, ముందు దీపాలకే కాదు, బ్రేకు పెడలుకు కూడా పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. ప్రాణాలు కాపాడేది అదే కదా అనేవాడు. ఇంట్లో దేవుడి పటానికి పువ్వు లేకపోయినా పట్టించుకోని మనిషి, కారుకు మాత్రం ఏ లోటూ రానిచ్చేవాడు కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాని రోజులవి. పాత కార్లలో బ్రేకును ఇనుప కడ్డీలు లాగేవి. నాయుడు కొన్న కొత్త కారులో ఆ పని నూనెది. పెడలు తొక్కితే సన్నటి గొట్టాల్లో నూనె తోసుకుపోయి చక్రాన్ని పట్టేస్తుంది. ఒక గొట్టం కారుతుంటే చిన్నాయన వేలూరు నుంచి కొత్తది తెచ్చి బిగించాడు. బిగించేటప్పుడు లోపలికి గాలి దూరింది. ఇక బ్రేకు తొక్కితే పులిసిన దోసెపిండిలో కాలు పెట్టినట్టే.

మర్నాడే నాయుడి కుటుంబం ఆలంగాయం పెళ్లికి పోవాలి. "సాయంత్రానికి బ్రేకు నిలవలేదంటే బండి వేలూరు డ్రైవరు చేతికి పోతాది, చూసుకో" అని నాయుడు తేల్చేశాడు. చిన్నాయనకు ఆ ఉద్యోగం తప్ప మరో ఆధారం లేదు. చేతి బ్రేకు మీద నెమ్మదిగా కారును ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టాడు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గర మర వదులు చేసి, నూనెతో పాటు గాలి బయటికి రాగానే బిగించాలి. బిగించేలోపే పైవాళ్లు కాలు తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఇదంతా చెప్పి, చిన్నమ్మను సీట్లో కూర్చోబెట్టి, తను గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు.

"అదుము!" అంటే ఆమె అదిమేది. మరలోంచి నురగ. మళ్లీ అదిమేది, మళ్లీ నురగ. పొద్దు నడినెత్తికొచ్చింది. ఆ కాలపు బ్రేకు నూనెకు ఆముదం వాసన. వీధంతా అదే పాకింది. ఇప్పటి డబ్బాల్లో ఆ వాసన లేదు, నాకు మాత్రం ఇంకా ముక్కులో ఉన్నట్టే ఉంటుంది. చిన్నాయన కొత్త గొట్టాన్నీ, దాన్ని అమ్మినవాణ్ణీ, కారు కనిపెట్టిన దొరనూ వరసబెట్టి తిట్టాడు. చివరికి అనుమానం వచ్చి, "అదుము" అంటూనే మెల్లగా బయటికి పాకి తొంగి చూశాడు.

చిన్నమ్మ తొక్కింది. వెంటనే కాలు తీసి, వంగి, పెడలును చేత్తో తాకి కళ్లకు అద్దుకుంది.

"ఓసి నీ పాసుగూల! నేను చెప్పకముందే కాలు ఏల తీస్తివే?"

"కుంకుమ పెట్టిందాన్ని తొక్కితిని గదయ్యా, మొక్కకుండా ఎట్లుండేది? దానికి పూజ చేసేది నువ్వే గదా?"

ఆయన అరిచాడు, బతిమాలాడు, పాపం తనదేనన్నాడు. బియ్యపు గింజకు కాలు తగిలినా మొక్కుకునే మనిషి ఆమె. ఆ కాలు దానంతటదే లేచిపోయేది. చివరికి ఆమే అంది: "ఆ కింద పని నాకియ్యి. చేత్తో చేసేది గాబట్టి దోషం లేదు. నువ్వు తొక్కుకో."

చీర కుచ్చిళ్లు దోపుకుని కిందికి దూరి స్పానరు పట్టింది. "ఆఁ, తొక్కు. ఉండప్పా, ఉండు. ఇప్పుడు తియ్యి. ఇంకో తడవ!" అని మొగుణ్ణి ఆడించింది. నురగ తగ్గింది, బుడగలు పోయాయి, నూనె తేనెలా ధారకట్టింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు గట్టిగా నిలిచింది.

సాయంత్రం నాయుడు వచ్చి తొక్కి చూసి, "భలే చెంగల్రాయా!" అన్నాడు. సరేనని ఊరుకుంటే పోయేది. మా చిన్నాయనకు అంత తెలివి ఎక్కడిది? "మర బిగించింది నేను కాదయ్యా, మా ఇంటామె" అన్నాడు.

నాయుడి ముఖం మాడిపోయింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అట్లయితే రేపు ఆయమ్మ గూడా బండెక్కాల. నా బిడ్డలు కూర్చునే బండి. ఏమన్నా అయితే అందరికీ కానీ" అన్నాడు.

మర్నాడు ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆలంగాయం దారిలో, పల్లంలో, మేకల మంద అడ్డొచ్చింది. చిన్నాయన తొక్కాడు. కారు మంద ముందు కదలకుండా నిలబడింది. బండి చిన్నాయన చేతిలోనే ఉండిపోయింది.

ముసలితనంలో ఈ కథ చెప్పినప్పుడల్లా చిన్నమ్మ మేకల గురించి ఒక్క ముక్కలో ముగించి, ఆ రోజు అద్దంలోంచి కనబడిన జవ్వాది కొండల గురించే చెప్పేది. అంతకు ముందు ఆమె దగ్గర్లోని లత్తేరి దాటి ఎరగదు.

"నన్ను నమ్మింటే ఇంట్లోనే ఇడిచిపెట్టి పోయుందురు నాయనా" అనేది నవ్వుతూ. "నమ్మలేదు గాబట్టే కొండలు జూస్తిని."