కోరస్‌లో పెద్దకోడలు

ఆ ఇంట్లో పెద్దకోడలికి అత్తగారితో ఏనాడూ పేచీ రాలేదు. అత్తగారు కొట్టడం మాట అటుంచి, కోడళ్ళ ముందు గట్టిగా దగ్గేది కూడా కాదు. పెద్దకోడలి కడుపుమంటంతా తోడికోడలు నవ్వినందుకే. అదీ ఎగతాళి నవ్వు కాదు. పాట ఎత్తుకునే ముందు, మైకు దగ్గర నిలబడి, గది మొత్తం తనదే అయినట్టు చిన్నకోడలు నవ్వే నవ్వు.

అన్నదమ్ములిద్దరూ వాయిద్యగాళ్ళు. అన్నగారిది మనిషంత ఎత్తు తీగల వాయిద్యం, డబుల్ బేస్. తమ్ముడిది సాక్సోఫోన్. పెద్దకోడలు పగలంతా లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేసేది. సాయంత్రం మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, భర్తతో, మరిదితో కలిసి హోటల్ డైనింగ్ హాల్లో జాజ్ పాటలు పాడేది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన పని, జుట్టు నెరుస్తున్నా ఆగలేదు. చిన్నకోడలు కాపురానికి వచ్చాక ఆ పిల్లకి పాట నేర్పింది కూడా ఆవిడే. ఏకు మేకవుతుందని అప్పుడు ఎలా తెలుస్తుంది?

ఒకరోజు రికార్డు కంపెనీ ఆయన ఇంటికొచ్చాడు. "మనిషి మర్యాద గురించి ఒక ఆల్బమ్ చేద్దాం. జాజూ, సోల్ మ్యూజిక్కూ రెండూ కలిపి. మనం రోజూ పక్కనుంచి పోతూ కూడా మొహం చూడని మనుషుల మీద పాటలు. లిఫ్టు నడిపేవాడు, ఆసుపత్రిలో నేల తుడిచే ముసలాయన, హోటల్లో గదులు సర్దే ఆవిడ..." అన్నాడు.

కోడళ్ళిద్దరి చేతా పాడించుకుని విన్నాడు. విని, కుర్చీలోంచి లేస్తూ, "చిన్నమ్మగారు పాడతారు. పెద్దమ్మగారు కోరస్‌లో ఉంటారు" అన్నాడు.

ఆయన అటు వెళ్ళగానే భర్త ఓదార్చబోయాడు. "కోరస్ లేకపోతే పాటకి నడుమే ఉండదు తెలుసా?"

"అయితే మీ మరదల్ని నడుముగా పెట్టండి. నేను తలకాయగా ఉంటా."

ఆయన బేస్ తీగలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ నెలంతా పక్కగదిలో చిన్నకోడలు సాధన చేస్తుంటే వంటింట్లో గిన్నెలు పిడుగుల్లా పడేవి. లాండ్రీలో రెండు కాలర్లు మాడిపోయాయి. "ఎలా ఉందక్కా?" అని ఆ పిల్ల అడిగితే, "బాగానే ఉంది. పోనుపోను ఇంకా బాగుపడుతుందిలే" అనేది.

రికార్డింగ్ మొదలైంది. లిఫ్టువాడి పాట బాగా కుదిరింది. ముసలాయన పాటకి కంపెనీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కుదిరిన ప్రతి పాటా పెద్దకోడలి కంట్లో నలుసై కూర్చుంది. గదులు సర్దే ఆవిడ పాట దగ్గరకొచ్చేసరికి మాత్రం బండి ఆగింది. "నా కళ్ళల్లోకి చూసి మాట్లాడు" అనే మాట దగ్గర చిన్నకోడలి గొంతు జాలిగా జారిపోతోంది.

"అడుక్కుంటున్నట్టుందమ్మా. మళ్ళీ ఒకసారి" అన్నాడు కంపెనీ ఆయన.

మళ్ళీ పాడింది. మళ్ళీ అంతే. వెనక కోరస్ మైకు దగ్గర నిలబడ్డ పెద్దకోడలికి కడుపులో పాలు పోసినట్టయింది.

కాసేపు విరామం ఇచ్చారు. చిన్నకోడలు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ, "అక్కా, ఈ పాట నువ్వు పాడు. కంపెనీ ఆయనకి నేను చెప్పేస్తాలే" అంది.

ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. తీరా చేతికొచ్చేసరికి చెంపమీద కొట్టినట్టనిపించింది.

"నువ్వు వదిలేసింది నేను తినాలా?"

"అలా ఎందుకనుకుంటావ్?"

"మరెలా అనుకోను? నువ్విచ్చేది నాకొద్దు. కావాలంటే నేనే వెళ్ళి అడుక్కుంటా."

"అడుక్కోవడం దేనికక్కా? అడుగు" అంది చిన్నకోడలు, తడి మొహంతోనే.

పెద్దకోడలు తిన్నగా కంపెనీ ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఆ పాట నేను పాడతాను. ఒకసారి వినండి" అంది. తనకు ఫలానాది కావాలని నోరు తెరిచి ఒకరిని అడగడం ఆవిడకదే మొదలు. ఆయన మారుమాట లేకుండా హెడ్‌ఫోన్లు అందించాడు.

ఒక్క స్వరం కూడా తప్పకుండా పాడింది. రికార్డయింది తిరిగి వినిపిస్తూ కంపెనీ ఆయన కాస్త నసిగాడు. "గొంతు బంగారమేనమ్మా. కానీ ఎవరికైనా అడ్డొస్తానేమో అన్నట్టు పాడుతున్నారు."

కోపం ముక్కుమీదకి వచ్చింది. కానీ వినిపిస్తున్నది తన గొంతే. తినేవాళ్ళ కబుర్లకి అడ్డం రాకుండా, చెంచాల చప్పుడు కింద ఒదిగి ఒదిగి పాడిన గొంతు. ఆ ఒదుగుడే పాటనుకుని ఇన్నేళ్ళు గడిపింది. చిన్నదాని గొంతులో తనకి కన్నుకుట్టింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఎవరికీ చోటు వదలదు.

"ఇంకోసారి" అంది.

ఈసారి గొంతు విప్పింది. పాట చివరి మాట దగ్గర అది నిలువునా పగిలింది. మరిది సాక్సోఫోన్ దించేశాడు.

"చెడిపోయింది. తీసేయండి" అంది ఆవిడే.

"తీసేది లేదు. ఆ చివరి మాట మీ గొంతులోనే ఉంటుంది. మిగతాది చిన్నమ్మగారు పాడాలి" అన్నాడు ఆయన.

చిన్నకోడలు మైకు దగ్గరకొచ్చింది. ఈసారి అడుక్కోలేదు, అడిగింది. బాగాలేదనడానికి ఎక్కడా సందు ఇవ్వకుండా పాడింది. పెద్దకోడలు మొదట ఆ సందు కోసమే విన్నది. దొరక్క, చివరిదాకా వింటూనే నిలబడింది.

ఆల్బమ్ బయటికొచ్చింది. లాండ్రీలో అందరూ "మీ తోడికోడలు ఏం పాడిందమ్మా!" అనేవాళ్ళే. ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చల్లినట్టు ఆవిడ లోపల చుయ్యిమనేది. చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక చిన్నకోడలితో అనేసింది. "నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, తెలుసా?"

"తెలియకేం? నాకు మండదా మరి? ఆల్బమంతా పాడింది నేనైతే, జనం నీ ఒక్క మాటే వెనక్కి తిప్పి తిప్పి వింటున్నారట. మా ఆయన కూడా!"

పెద్దకోడలికి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత హోటల్ పని మానేశారు. కచేరీల్లో సగం పాటలు తనవేనని పెద్దకోడలు పట్టుబట్టి సాధించింది. ముందు మైకు ఎవరిదని ప్రతి కచేరీకీ గొడవే. అది తేలేదాకా భర్త బేస్ శ్రుతి చేస్తూనే ఉంటాడు. చప్పట్లు చిన్నదానికి ఎక్కువ పడ్డ రోజున పెద్దకోడలు దారిపొడుగునా నోరు విప్పదు. తనకు ఎక్కువ పడ్డ రోజున మాత్రం, "నీ గొంతు కాస్త బొంగురుపోయినట్టుందే, ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు తాగు" అని ఎంతో ప్రేమగా చెబుతుంది.