మా మామ తడిపిన ఇసుక

"బావా, నాయన పోయినాడు" అని మా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు నేను జమ్మలమడుగులో ఆఫీసులో ఉన్నాను. "ఎవరి నాయన?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ముందురోజు సాయంత్రమే "ఆదివారం వస్తాండావు కదప్పా?" అని గట్టిగా మాట్లాడిన మనిషి. నాకు పిల్లనిచ్చిన మామ. డెబ్బై దాటినా పులివెందుల పక్కన చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పాదులు తానే తీసుకునేవాడు. అటువంటి మనిషి మిట్టమధ్యాహ్నం ఇంటి పెరట్లో రూములో, బకెట్ పక్కన పడిపోయి లేవలేదంట. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ బకెట్‌లో నీళ్లు నా కోసమే. అది మీకు తెలియాలంటే బీరు సంగతి చెప్పాలి.

పెళ్లయిన కొత్తలో ప్రొద్దుటూరు నుంచి అత్తగారింటికి పోతూ, దారిలో బీరు తాగి, తొండూరు దగ్గర బండి మీద నుంచి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. మామ వాసన పట్టాడు గానీ ఒక్క మాట అనలేదు. మా దిక్కు మామా అల్లుళ్ల మధ్య ఆ మాట రాదు. మళ్లీ పోయినప్పుడు మాత్రం, "ఎండన పడి వచ్చినావు. పెరట్లో రూములో సల్లగుంటాది, పోయి కూసో" అన్నాడు. పోయి చూస్తే అటక మీద రెండు బీరు సీసాలు!

ఆయన చుక్క ముట్టడు. ఫ్రిజ్‌లో పెడదామంటే అందులో దేవుడికి తీసిపెట్టిన పాలు, పూలు ఉంటాయి. అందుకని రేకుల కింద, అటక మీద పెట్టాడు, అదీ మే నెలలో. మూత తీస్తే సగం నురగై పొంగిపోయింది. మిగిలింది తడిసిన అట్టముక్క రుచి. గుక్కెడు తాగి వదిలేశాను. ఆయన అది చూసినట్టుంది. అంత పెద్దమనిషి మందు షాపు ముందర నిలబడి, బీరు ఎట్లా దాచాలని ఎవరిని ఎట్లా అడిగాడో, తలుచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఆ తర్వాత సీసాలు ఆ రూములోనే చీకటి మూలకు మారాయి. ఇసుకలో మెడదాకా పాతి, పైన గోనెపట్టా కప్పేవాడు. చీనీ అంట్లను కాపాడినట్టు పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి తడిపేవాడు. "కొన్నింటిని పండబెట్టగూడదంటప్పా, నిలబెట్టాలంట. ఒగసారి సల్లగా, ఒగసారి యేడిగా ఉంటే శానా చెడిపోతాయంట" అని గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. ఏవి అని నేను అడగలేదు. "అవునంట మామా" అనేవాణ్ణి.

రెండేళ్ల కిందట నేను తాగడం మానేశాను. ఆ మాట ఆయనతో అనాలంటే ముందు తాగేవాణ్ణని ఒప్పుకోవాలి. నోరు రాలేదు. పోయినప్పుడల్లా ఆ రూములో కాసేపు కూర్చుని, సీసా పెరటి కాలువలో వంపి వచ్చేవాణ్ణి. ఖాళీ సీసా చూసి ఆయన మొహం తేటగా ఉండేది. ఎందుకులే చెప్పడం అనుకున్నాను. ఎంత తెలివితక్కువ పని చేశానో!

ఆదివారం నేను వస్తానని, ఆ ఎండపూట, గోనెపట్టా తడుపుతూ పడిపోయాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. నాకు మాత్రం నా నోరు లేవకపోవడమే కనపడుతోంది.

కర్మ అయిన మరుసటి రోజు మా అత్త, "ఆ సీసాలు తీసకపో నాయనా, నీ కోసం పెట్టినేటివి" అంది. ఇక ఆపుకోలేకపోయాను.

"నేను మానేసి రెండేండ్లయింది అత్తా."

"రెండేండ్లా?" అంది. మళ్లీ అదే అడిగింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ మామ శనివారం శనివారం గండి గుడికి పోతాండె నాయనా. మా అల్లునితో ఇది మానిపించు సామీ అని మొక్కుకుంటాండె. మానేదాకా యాడో దావలో తాగి పడకుండా ఇంట్లోనే పెడతా అంటాండె."

నేను మానేసిన తర్వాత వచ్చిన శనివారాలన్నీ ఆయన గండిలో, ఆంజనేయస్వామి చుట్టూ తిరుగుతూ, ఎప్పుడో తీరిపోయిన కోరికను ఇంకా అడుగుతూనే ఉన్నాడు.