ఏడున్నర బస్సులో నా సీటు

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పొద్దున ఏడున్నరకు బయలుదేరే బస్సులో, డ్రైవరు వెనక మూడో వరస కిటికీ పక్క సీటు నాది. నాదంటే నా పేరేమీ రాసిపెట్టి లేదు. బస్టాండులోకి బస్సు తిరగ్గానే కిటికీలోంచి కర్చీఫ్ వేసేది మేమే కాబట్టి నాది. నంద్యాలలో ఒకే బడిలో నేను తెలుగు, నా స్నేహితురాలు లెక్కలు చెబుతాం. ఇంకో స్నేహితురాలు అక్కడే బట్టల షాపులో పనిచేస్తుంది. పన్నెండేళ్ళుగా ముగ్గురం ఆ బస్సులోనే.

స్కూటీ మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. నంద్యాల ఆసుపత్రిలో రాడ్డు వేశారు. "మళ్ళీ బస్సెక్కగలనా?" అని డాక్టరును అడిగితే, "ముందు మంచం దిగమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బస్సెక్కలేకపోతే ఆ ఉద్యోగం వదులుకోవాల్సిందే మరి.

సాయంత్రం తిరుగు బస్సుకు ముందు ఇద్దరూ ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. కాలు ఎంత వంగిందని అడిగేవాళ్ళు కాదు, ఆ రోజు సీటు గొడవ చెప్పేవాళ్ళు. నేను లేకపోయినా నా సీటులో కర్చీఫ్ వేస్తున్నారట! ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేసినప్పటి నుంచి ఆ బస్సులో నిలబడే చోటే గగనం. అయినా బస్సు కదిలేదాకా అక్కడ ఎవరినీ కూర్చోనివ్వరు. కదిలాక, నేను పడ్డ తర్వాత కొత్తగా ఆ బస్సుకు వస్తున్న కరివేపాకు గంప అవ్వకు ఇస్తారు. ఆ అవ్వ రోజూ తగాదాకు దిగేదట.

"ఎవరొస్తార్మే? పది దినాల నుంచి చూస్తాండా, పురుగు గూడ రాల్యా!"

"వస్తాంది అవ్వా, మనిషొస్తాంది."

నవ్వీ నవ్వీ నా కుట్లు నొప్పి పుట్టేవి.

ఇంటికొచ్చాక మాత్రం డీలా పడ్డాను. వాకర్‌తో నాలుగడుగులు వేస్తే చెమటలు. కసరత్తులు చేయకుండానే చేశానని ఫిజియోథెరపీ అమ్మాయికి అబద్ధాలు చెప్పాను. ఒక ఆదివారం, "ఆ సీటు ఎవరికన్నా ఇచ్చేయండి, నేను రాను" అని ఇద్దరి మీదా అరిచాను. లెక్కల టీచరు మర్నాడు బస్సు మొదటి మెట్టు ఎత్తును తన చున్నీతో కొలిచి, అక్కడ ముడి వేసుకుని మా ఇంటికొచ్చింది. "ఏందమ్మా, బస్సుకు జాకెట్ కుట్టిస్తాండారా?" అన్నాడట కండక్టరు.

ఆ ముడి ఎత్తు వచ్చేదాకా మా వాకిట్లో నాపబండ ముక్కలు పేర్చడం మొదలైంది. ఒక బండ మీద కాలు కుదిరితే దాని మీద ఇంకొకటి. "ఇంతేనా? మా షాపు గడప దీనికన్నా ఎత్తు" అని బట్టల షాపామె ఎగతాళి చేసింది. ఆ కోపంతోనే రెండోసారి ఎక్కాను. నా కోపాన్ని ఇద్దరూ బాగానే వాడుకున్నారు. నాలుగో నెలలో పై బండ ముడిని తాకింది. దాని మీద నిలబడి నేను చిన్నపిల్లలా కేకలు పెట్టాను.

ఆ తర్వాతి సోమవారం బస్టాండులో చెరోపక్కా చెయ్యి పట్టుకోబోతే ఇద్దర్నీ కసిరాను. కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, ఒక్క ఊపున ఎక్కేశాను. వెనక చప్పట్లు. లోపల చూస్తే బస్సు కిక్కిరిసి ఉంది. ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. నాలుగు నెలలు ఒక్కరోజూ తప్పకుండా కర్చీఫ్ వేసినవాళ్ళు, నన్ను ఎక్కించే సంబరంలో ఆ రోజే వేయడం మరిచిపోయారు!

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. కాలు అప్పటికే వణుకుతోంది. నంద్యాల దాకా నిలబడలేను. ఇంత చేసీ దిగిపోవాల్సిందేనా అనుకుంటూ మూడో వరస వైపు చూశాను.

నా సీటులో ఎవరూ లేరు. గంప మోసేటప్పుడు తలమీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు ఒకటి ఉంది. పక్కన నిలబడి, నన్నెన్నడూ చూడని ఆ అవ్వ ఒకాయనతో కొట్లాడుతోంది.

"ఆడ కూసోవద్దప్పా. మనిషొస్తాంది."