కుటుంబ యజమాని గడి

ఎండిన తాటాకు మీద తొలకరి పడితే వచ్చే వాసన కమల గారిని నా ముందు నిలబెడుతుంది. మొన్న కనకాలపేటలో ఎవరో వంటపాక కప్పిస్తుంటే జల్లు పడింది. గొడుగు ఉండి కూడా అక్కడే తడుస్తూ నిలబడిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో యానాంలో ఇంటింటి సర్వేకి కుదిరాను. ఆవిడ మా సూపర్‌వైజర్. నేనుండే చేపలవేటవాళ్ల వీధి నాకే ఇచ్చారు. నా కాగితాలు తిరగేసి, ఒంటరి తల్లి ఒక్కరూ లేరేమని అడిగారు. పక్క వీధిలో చాలామందే తేలారట. మా వీధి మంచిదని సమర్థించుకున్నాను. మర్నాడు ఆవిడే నా వెంట బయలుదేరారు.

నేను అడిగేది, మీ ఆయన పేరేమిటని. ఏళ్ల కిందట ఓడరేవు పనికని పోయి తిరిగిరాని మొగుడికైనా పేరుంటుంది కదా. వాళ్లు చెప్పేవారు, నేను రాసేదాన్ని. కమల గారు పేరే అడగలేదు. వల బాగుచేసుకుంటున్న మరియమ్మ పక్కన చతికిలబడి, పాక వైపు చూశారు.

"కిందటి వానాకాలం ఇల్లు ఎవరు కప్పించారమ్మా?"

"ఇంకెవరండి, నేనేనండి. పిల్ల పుట్టిన కాణ్ణుంచీ నేనేనండి."

ఇంటింటా అదే ప్రశ్న. సాయంత్రానికి నా కాగితాల నిండా కొట్టివేతలే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ నెల మీటింగులో ఒక అధికారి, పక్క జిల్లా పల్లెల్లో ఇంతమంది లేరే, యానాం ఆడవాళ్లకే ఏమొచ్చిందని నవ్వారు. కమల గారు నవ్వలేదు.

"అక్కడా ఉన్నారండి. అన్నగారింట్లో చెల్లెలని రాసుంటారు. ఇక్కడ అద్దెకో పాక, చేతికో పని దొరుకుతాయి కాబట్టి విడిగా కనపడుతున్నారు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అన్నయ్య రేషన్ కార్డులో చెల్లెలిగా మిగిలిపోకూడదనే పాపని తీసుకుని ఊరొదిలి యానాం వచ్చాను. అయినా మా ఇంటి కాగితంలో, కుటుంబ యజమాని అన్న గడిలో, మమ్మల్ని వదిలేసి పోయిన మనిషి పేరు రాసింది నేనే. నిజం తెలిస్తే ఇల్లుగలవాళ్లు ఖాళీ చేయమంటారని భయం.

అందరూ వెళ్లాక ఆవిడ ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు. నా భయం చెప్పుకున్నాను.

"ఇది ఇల్లుగలవాళ్లు చూసే కాగితం కాదమ్మా. అలాగని నేను దిద్దను. నువ్వే దిద్దుకోవాలి."

పెన్ను తీసుకున్నాను. అతని పేరు కొట్టేసి నా పేరు రాశాను.

ఇప్పుడు కొత్తగా చేరే ఆడపిల్లలకి సర్వే నేర్పేది నేనే. వీధిలోకి పంపేముందు, ఎవరింటి కాగితం వాళ్ల చేతే రాయిస్తాను. ఎవరో ఒకరి పెన్ను ఆ గడి దగ్గర ఆగుతుంది. తొందరపెట్టను. పక్కన కూర్చుంటాను, దిద్దను.