గోడవతల వేసిన గోమార్లు

మా అత్తకి డెబ్బై దాటాయి. సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలుస్తుంది గానీ, కుక్క చెవి మడతలో నక్కిన ఆవగింజంత గోమారిని మాత్రం కళ్లద్దాలు లేకుండా పట్టేసేది. గోమార్లంటే కుక్క ఒంటిని కరిచిపట్టుకుని రక్తం తాగే పురుగులు. కొన్ని వైపుల పిడుదులంటారు. ఇక్కడ టాటానగర్ పక్కన బర్మామైన్స్‌లో మా ఇరుగుపొరుగు హిందీలో కిల్నీ అంటారు. పేరేదైనా, వానలు మొదలయ్యాయంటే మా వీధి కుక్కలన్నిటికీ అవే నగలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పెరటి మెట్టు మీద కూర్చునేది. పక్కన ఒక కొబ్బరిచిప్ప. మా కుక్క ఎక్కడున్నా వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టేది. దానికో పేరుండేది. ఆ పేరు ఇక్కడ రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ముందు చెవులు, తరవాత మెడ, ఆ తరవాత కాలివేళ్ల సందులు, చివరికి తోక కింద. ఆ వరస ఏ రోజూ తప్పేది కాదు. పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టు చిప్పలో వేస్తూ, "నిన్నటికన్నా ఇయ్యాల తక్కువేనే" అని నాకు వినబడేలా అనేది. ఆమె పనిలో వంక పెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆమె నాకు అత్తగారు కాకముందే మేనత్త. అందుకని నువ్వు అనే చనువూ, పోట్లాడే హక్కూ పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను. మా ఆయన టాటానగర్ స్టేషన్లో రైలుపెట్టెల చక్రాలు తనిఖీ చేసే పనిలో ఉన్నాడు. షిఫ్టుల మనిషి. ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడనే లెక్క. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. కాబట్టి ఇంట్లో మనసు విప్పి తెలుగులో తగువు పడాలంటే నాకు అత్త, అత్తకి నేను.

ఆ తగువుల్లో ఒకటి ఈ చిప్ప గురించే. మామ పోయిన ఏడు ఆమె నీచు మానేసింది. ఏ ప్రాణమూ తియ్యనని మొక్కుకుంది కూడా. దోమ వాలితే విసనకర్రతో తోలుతుంది. బొద్దింక కనబడితే చీపురుతో గుమ్మందాకా సాగనంపుతుంది. మరి చిప్పలో గోమార్లని ఏం చెయ్యాలి? లేచి వెళ్లి పెరటి గోడవతల బోర్లించేది. గోడవతల ఒక సందు, సందులో ఒక మురుక్కాలవ, అంతే.

"కిరసనాయిల్లో వేసెయ్యొచ్చుగా అత్తా" అన్నాను ఒకసారి.

"ఎందుకే? దాని బతుకు అది బతుకుతాది. మనింట్లో లేకపోతే సాలు."

"గోడెక్కి మళ్లీ వస్తాయి."

"వత్తే మళ్లీ ఏరుతాను. నాకింకేటి పనుంది?"

దానికి నా దగ్గర సమాధానం లేక కాదు. ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, రోజూ గంటసేపు కుక్కని ముందేసుకుని కూర్చునే పని నా మీద పడకపోవడం నాకు హాయిగానే ఉండేది.

నేను చెయ్యాల్సిన పని ఒకటుంది, అదీ సరిగ్గా చెయ్యలేదు. గోమార్లు పట్టకుండా నెలకొకటి వెయ్యమని టీకాలప్పుడు డాక్టరు మాత్రలు రాసిచ్చారు. ఎండాకాలం మొదట్లో ఒకటి వేశాను. గోమార్లు కనబడటం తగ్గింది. రెండో నెల మరిచిపోయాను. మూడో నెలకి, మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోయాను. వానలొచ్చాక అత్త చిప్ప మళ్లీ నిండుతుంటే చూశాను కూడా. ఏరుతోంది కదా అనుకున్నాను.

తెరిపి లేకుండా వానలు పడిన ఒక వారంలో కుక్క తిండి మానేసింది. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి గిన్నె చూసి, "అమ్మా, సుబహ్ సే కుఛ్ నహీ ఖాయా" అంది. పొద్దుట్నించి ఏమీ తినలేదన్న సంగతి నేను గమనించనే లేదు. అత్త పెరుగన్నం కలిపి పెట్టింది. కుక్క మూతి తిప్పుకుంది. నీచు వాసన తగిలితే కడుపులో దేవే మనిషి, "రెండెండు సేపలు కాల్చి పెట్టవే, వాసనకైనా తింటాదేమో" అని నన్ను బతిమాలింది. కాల్చాను. వాసన చూసి, తల వాల్చేసి పడుకుంది.

మర్నాడు వసారాలో నేలమీద నాలుగైదు ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. రంగులేవో ఒలకబోసిందని మా అమ్మాయి మీద కేకలేశాను. గుడ్డ తెచ్చి తుడుస్తుంటే నా కళ్లముందే ఇంకో చుక్క పడింది. తలెత్తి చూస్తే కుక్క ముక్కులోంచి కారుతోంది. అత్త తన పైటకొంగుతోనే దాని ముక్కు అదిమిపట్టుకుని, "ఆటోని పిలవవే" అంది.

డాక్టరు ఉండేది ఖర్కాయి నది వంతెన దాటి ఆదిత్యపూర్‌లో. నేనూ, అత్తా, మా అమ్మాయీ ఆటోలో వెళ్తుంటే ఫోన్లో వెతికాను. గోమార్లు, కుక్క, జబ్బు అని కొట్టగానే ముందు వచ్చింది లైమ్ జబ్బు. ఎక్కడివో అడవులు, మంచు దేశాలు, కుంటుతున్న కుక్కలు, మనుషుల ఒంటి మీద గుండ్రటి ఎర్రమచ్చలు. చదువుతున్నకొద్దీ భయం పెరిగింది గానీ, మా కుక్కకి ముక్కులోంచి రక్తం ఎందుకొస్తోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. లోపలికెళ్లగానే డాక్టర్ని అదే అడిగాను. ఆయన పెద్దాయన, నెమ్మదైన మనిషి. "ఆ జబ్బు మన వైపు చూడటం అరుదమ్మా. మన గోమార్లకి మన జబ్బులున్నాయి, అవీ తక్కువవి కావు" అన్నారు హిందీలో. కుక్క పైపెదవి ఎత్తి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. పొట్ట మీద చర్మం కింద చిన్న చిన్న ఎర్రచుక్కలు. రక్తం తీసి పరీక్ష చేసి, గోమార్ల జ్వరం అన్నారు. అది రక్తంలోకి చేరి చాలా రోజులయిందట.

"నాను రోజూ ఏరతన్నాను కదా బాబూ" అంది అత్త.

నేను హిందీలో చెప్పాను. ఏరడం మంచిదేననీ, కానీ కంటికి దొరకని ఒక్కటి కుట్టినా చాలనీ ఆయన అన్నారు. మందు మొదలుపెడతాను, కానీ అది పనిచెయ్యడానికి రోజులు పడుతుంది, అంతవరకూ నిలబడేంత రక్తం దీని ఒంట్లో లేదు అన్నారు. కుక్కకి కుక్క రక్తమే ఎక్కించాలి. ఆయన దగ్గర నిల్వ ఉండదు. "ఆరోగ్యంగా, బరువుగా ఉన్న కుక్కని ఒకదాన్ని తీసుకురండి. ఎంత త్వరగా తెస్తే అంత మంచిది."

కుక్కనీ, దాని పక్కన మా అమ్మాయినీ అక్కడే ఉంచి ఇంటికొచ్చాం. ఎదురువీధిలో ఒకాయనకి పెద్ద జాతికుక్క ఉంది. వెళ్లి అడిగాను. ఆయన కాఫీ ఇవ్వమని లోపలికి చెప్పాడు, కూర్చోమన్నాడు, మా కుక్క గురించి ఎంతో బాధపడ్డాడు. తన కుక్క రక్తం మాత్రం ఇవ్వనన్నాడు, అది నీరసపడిపోతుందట. నేను ఆయన్ని తప్పు పట్టలేదు. నేనైతే ఇచ్చేదాన్నా అంటే ఏమో.

ఇంటికి తిరిగొచ్చేసరికి అత్త పెరటి తలుపు తీసుకుని నిలబడి ఉంది. "మన యెనకాల నల్లది ఉంది కదే. నాను పిలిత్తే వత్తాది" అంది.

గోడవతల సందులో ఒక నల్లకుక్క ఉండేది. ఎవరిదీ కాదు. మధ్యాహ్నం మా గోడ నీడ పడే చోటే దాని పడక. అత్త రోజూ మిగిలిన అన్నం దానికే పెట్టేది. సందులోకి వెళ్లి నోటితో చిన్న చప్పుడు చేసింది, అంతే, తోకాడించుకుంటూ వచ్చేసింది. మెడకి తాడు అంటే ఏమిటో ఎరగని కుక్క. నా పాత చున్నీ కడితే కట్టించుకుంది. అత్త ఆటోలో కూర్చుంటే తనూ ఎక్కి ఆమె కాళ్లదగ్గర కూర్చుంది. దారి పొడుగునా ఆమె మొహంలోకే చూస్తూ వచ్చింది. నాకు ఆ గంటసేపే కాస్త ఆశ కలిగింది.

డాక్టరు దాని చెవి ఎత్తారు. కాలివేళ్లు విడదీసి చూశారు. సందుసందునా గోమార్లే. అయినా ఒక బొట్టు రక్తం తీసి పరీక్ష పెట్టారు. కాసేపాగి, "దీనికీ అదే జ్వరం. బలమైన కుక్క కాబట్టి ఇంకా బయటపడలేదు. దీని రక్తం ఎక్కించలేం" అన్నారు.

"ఇది ఎక్కడుంటుంది?" అని అడిగారు.

"మా ఇంటి గోడ వెనకే."

"అక్కడ ఇన్ని గోమార్లు ఎక్కణ్నించి వస్తున్నాయి?"

నేను నల్లదాని మెడకి కట్టిన చున్నీ సర్దాను. అత్తకి ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటాయి. హిందీ మాట్లాడదు గానీ అంతా అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఆమే మాట్లాడింది. "హమ్ ఫేంకా. దీవార్ కే ఉస్ పార్." నేనే పారేశాను, గోడకవతల అని.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కడుపు నిండిన గోమారి కింద పడితే అక్కడే ఏ గోడ పగుల్లోనో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుందనీ, పిల్లలు దగ్గర్లో ఏ కుక్క దొరికితే దాన్ని పట్టుకుంటాయనీ, జబ్బు కుక్కని కుట్టినవి మంచి కుక్కనీ కుడతాయనీ, వాటికి గోడ ఒక లెక్క కాదనీ ఓపిగ్గా చెప్పుకొచ్చారు. పట్టుకున్న చోటే స్పిరిట్లోనో కిరసనాయిల్లోనో వెయ్యాలన్నారు. ఆమె ఒక చిన్నపిల్ల పాఠం విన్నట్టు తలాడిస్తూ విన్నది. అన్నం పెట్టిన చోటే ఆమె రోజూ ఆ చిప్ప బోర్లించింది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసొస్తోందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఆయన చెప్పేదేదీ నాకు కొత్త కాదు. మాత్రలు కొన్న రోజున, ఎండాకాలంలోనే, ఇదంతా ఫోన్లో చదివాను. గుడ్ల సంగతీ చదివాను, గోడ పగుళ్ల సంగతీ చదివాను. అత్తతో చెప్పాలనే అనుకున్నాను. చెబితే మొక్కు మాట వస్తుంది. వాదన పెరుగుతుంది. నేనే నెగ్గాననుకోండి, చిప్ప నా చేతికొస్తుంది. ఆ పని నాకొద్దు. అందుకని పెదవి కదపలేదు.

"మడిసి రక్తం పనికిరాదేటి బాబూ?" అని అత్త అడిగింది, ఈసారి తెలుగులోనే. మా అమ్మాయే హిందీలో చెప్పింది. డాక్టరు నవ్వలేదు. "పనికిరాదమ్మా" అన్నారు, అంతే.

మా కుక్కకి సూదులు వేసి ఇంటికి పంపారు. నల్లదానికీ నాలుగు వారాల మందు ఇచ్చారు. మా అమ్మాయి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, తనతో చదివే పిల్ల ఇంటివాళ్లని ఒప్పించింది. మర్నాడు పొద్దున్న పదింటికి వాళ్ల కుక్కని డాక్టరు దగ్గరికి తెస్తామన్నారు. నేను ఎనిమిదింటికే ఆటో మాట్లాడి గుమ్మంలో నిలబెట్టాను. తొమ్మిదిన్నరకి, మేం మా కుక్కని దుప్పట్లో చుట్టి ఎత్తబోతుంటే, అది అత్త ఒళ్లోనే ఒక పెద్ద ఊపిరి తీసింది. తరవాత ఇంకోటి తియ్యలేదు. ఆటో అతను కాసేపు చూసి, డబ్బులొద్దని చెయ్యూపి వెళ్లిపోయాడు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారమైనా విప్పకుండా, దాన్ని తీసుకెళ్లి ఖర్కాయి ఒడ్డున పూడ్చి వచ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే మాదే. గోడ పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాను. పెరడంతా, సందు పొడుగునా మందు కొట్టించాను. నెలనెలా గోమార్ల మాత్ర నల్లదానికి తప్పకుండా వేస్తున్నాను, ఫోన్లో గంట మోగేలా పెట్టుకుని మరీ. అత్త మాత్రం పెరటి మెట్టు మీద కూర్చోవడం మానేసింది. రోజూ మధ్యాహ్నం అన్నం ముద్దలో జ్వరం మాత్ర పెట్టి నల్లదానికి తినిపించే పని తనే తీసుకుంది. అది ఆ ముద్దని వాసనైనా చూడకుండా మింగేసేది.

మూడో వారంలో ఒక రోజు వంటింట్లో ముద్ద కలుపుతూ, నావైపు చూడకుండానే అడిగింది.

"ఏటే, ఆ డాక్టరు సెప్పిన సంగతి నీకు ముందే తెలిసుంటే నాకు సెప్పుదువు కదా?"

పొయ్యి మీద పాలు ఉన్నాయి. వాటిని కలుపుతున్నట్టు నిలబడ్డాను.

"చెప్పకుండా ఉంటానా అత్తా" అన్నాను.

"అదే కదా. నీకేటి తెలుసు పాపం, పిల్లవి. సేసిందంతా నాను" అని, అన్నం అంటని ఎడమచేత్తో నా భుజం తట్టి, ముద్ద పట్టుకుని సందులోకి వెళ్లింది.

ఏడాది కావస్తోంది. ఆ తప్పు ఇప్పటికీ ఆమె ఒక్కతే మోస్తోంది.