ఒళ్ళు దులపని మేక

మొన్న పొద్దుగాల ఫోన్ ఎత్తంగనే మా నాయిన దగ్గు వినవడ్డది. హమ్మయ్య అనుకున్న. నా తల్లిగారిల్లున్న లింబాయత్ నుంచి అంత పొద్దున ఫోన్ వస్తే, నాయినకే ఏమో అయిందనుకుంట. దగ్గు వినవడ్డదంటే మనిషి ఉన్నట్టే కదా. దగ్గు ఆగినంక అన్నడు: "పెద్దమ్మ పోయింది బిడ్డా. చాయ్ తాగుకుంట కూసున్నది, అట్లనే ఒరిగింది."

నేను వంటింట్లనే కూలవడ్డ. మా బిడ్డ ఉరికొచ్చి గుజరాతీల "శూ థయూ, మమ్మీ?" అంటది. ఏమైందని చెప్పాలె దానికి? ఊరికి ఇంకో కొసన, అడాజన్ ఫ్లాట్ల పెరిగే పిల్లకు పక్క ఖోలీ పెద్దమ్మంటే ఏం తెలుస్తది? సొంత పెద్దమ్మ గూడ కాదు. ఒక్క అర్ర ఇండ్లు మావి, వాళ్ళ ఖోలీకి మా ఖోలీకి నడుమ ఒక్క గోడ, అంతే చుట్టరికం. కానీ పుట్టు పిరికిదాన్నైన నాకు, భయపడుకుంటనే పని చెయ్యొచ్చని నేర్పింది ఆమెనే. అందుకే ఈ నాలుగు మాటలు మీతోని చెప్పుకుంటున్న.

నేను ఆరో తరగతిల ఉన్నప్పటి ముచ్చట. మా నాయిన సాంచాలు నడిపేటోడు, అదే, మీరు మరమగ్గాలంటరు. ఆయనకు టీబీ అని సర్కారు దవాఖానల తేల్చిన్రు. గోలీలిచ్చి, ఒక్కరోజు గూడ తప్పొద్దన్నరు. మా అమ్మకు గోలీల మీద సగమే నమ్మకం. "మనిషిని నిలబెట్టు తల్లీ, బోనాలకు నీకు పోతునిస్త" అని పోచమ్మకు మొక్కి, ఒక మేకపిల్లను తెచ్చి ఖోలీ ముంగట కట్టేసింది. మొక్కిన జీవి నడుమల చస్తే ఇంటి మనిషికి కీడని గల్లీల అందరి మాట. మా కర్మకు, వచ్చిన కొన్నాళ్ళకే దానికి గజ్జి లేచింది.

వెంట్రుకలు ఊడినయి, తోలు పగిలింది, మేత ముట్టుడు బంద్ చేసింది. ఇగ చూడాలె నా భయం! పొద్దున కండ్లు తెరవకముందే పరదా ఎనుక నాయిన దగ్గు వినాలె, బయట మేక మెడల గంట వినాలె. ఏ ఒక్కటి వినవడకపోయినా దుప్పటి మొఖం మీదికి గుంజుకునేదాన్ని. మేక దగ్గరికి పోవాలంటే భయం, పోకపోతే ఏమైతదో అని భయం. ఏడుసుకుంట గడపల కూసుంటే పెద్దమ్మ చెవి వట్టి లేపింది.

"ఏందే, ఏడిస్తే గజ్జి పోతదా? లే. జర వేపాకు తెంపుకరా."

వేపాకు, పసుపు ఏసి కాచిన నీళ్ళు చల్లార్చి, రోజూ పొద్దున మేక ఒంటి మీద పొయ్యాలె. ఆరినంక పశువుల డాక్టరు ఇచ్చిన మందు రాయాలె. దానెంబడే నాయినకు గోలీలియ్యాలె. "మేకకు నీళ్ళు పొయ్యంది మీ నాయినకు గోలీ లేదు, ఆయన మింగంది నీకు చాయ్ లేదు" అని పెద్దమ్మ హుకుం. మొదటిసారి నీళ్ళు పడంగనే ఆ మేక చెవుల కాడికెళ్ళి తోక దాక ఒళ్ళు దులిపింది. నేను, గోడ, దండెం మీది బట్టలు, అన్ని పచ్చగైనయి. పెద్దమ్మ పడి పడి నవ్వింది.

"శభాష్! పోచమ్మ ముంగట గూడ గిట్లనే దులపాలె!"

తెల్వనోళ్ళకు చెప్త. అమ్మవారి ముంగట మేక మీద పసుపునీళ్ళు చల్లుతరు. ఒళ్ళు దులిపితే తల్లి ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ఎత్తరు.

పెద్దమ్మ రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరలు తెచ్చుకుని, ఇంట్ల కూసుండి వాటికి మెరుపురాళ్ళు అంటించేది. మేకకు పుండ్లు మానక నెత్తురు కారిన రోజు "నాతోని కాదు పెద్దమ్మా" అని చెంబు ఇసిరికొట్టిన. ఆమె తల గూడ ఎత్తలే. "చీర మొత్తం దిక్కు చూస్తే కండ్లు తిరుగుతయే. చేతిల ఉన్న రాయిని చూడు. దాన్ని అంటించు" అన్నది. గోలీలు కడుపుల తిప్పుతున్నయని నాయిన మూతి తిప్పుకున్నప్పుడు ఆయనకూ అదే మందలింపు. "ఇయ్యాల్టిది మింగు తమ్మీ. రేపటిది రేపు కొట్లాడుదాం."

ఎండకాలం పోయేసరికి మేకకు కొత్త వెంట్రుకలొచ్చినయి. అప్పుడు ఇంకో భయం పట్టుకున్నది. బతికించింది కోసెటందుకా? పెద్దమ్మను అడిగితే, "గజ్జి పోయిందని నీళ్ళు ఆపకు" అన్నది, అంతే. అప్పటికి మేకకు అలవాటైంది. నీళ్ళు పోస్తుంటే తలస్నానం చేపిచ్చుకునే ముసలమ్మ లెక్క కండ్లు మూసుకుని నిలవడేది.

బోనాల నాడు పోచమ్మ ముంగట గూడ అది అట్లనే నిలవడ్డది. పసుపునీళ్ళు చల్లిన్రు. కండ్లు మూసుకున్నది. మళ్ళ చల్లిన్రు. చెంబెడు కుమ్మరించిన్రు. చెవి గూడ కదపలే. డప్పులు ఆగినయి. మా అమ్మ "ఏం తప్పైంది తల్లీ?" అని నేల మీద పడి ఏడ్సింది. నాయిన గోడకు ఆనుకుని నిలవడ్డడు, గోలీలు ఇంక అయిపోలే, మొఖంల నెత్తురు చుక్క లేదు. దులిపితే మేక పోతది. దులపకపోతే నాయిన పోతడు. ఏమని మొక్కాల్నో తెల్వక ఊకెనే చేతులు జోడించిన.

గల్లీల పెద్దది పెద్దమ్మ. ముంగటికొచ్చి అన్నది: "తల్లికి వద్దట. కోడితోని సరిపెట్టుండ్రి, దీన్ని ఆమె పేరు మీద ఇడిసిపెట్టుండ్రి." అమ్మను లేపి చెవుల చెప్పింది, "గోలీలు మాత్రం ఆపకు."

నన్ను, మేకను తన ఖోలీకి తోలుకపోయింది. లోపలికి పోయినమో లేదో, మేక చెవుల కాడికెళ్ళి తోక దాక బర్రున ఒళ్ళు దులిపింది. పెద్దమ్మ చీరంత పచ్చటి చుక్కలు.

"పెద్దమ్మా, దులిపింది! తల్లి ఒప్పుకున్నది! మా నాయిన..."

గబుక్కున నా నోరు మూసి, కాలుతోని తలుపు దగ్గరికేసింది. ఆమె చెయ్యి గూడ వణుకుతున్నది. అది నాకు ఇప్పటికీ యాదికున్నది. "తడిసిన జీవి దులుపుకోదా? ఎవ్వలకు చెప్పకు. రేపు పొద్దున గోలీలు మరువకు."

మరువలే. దవాఖానోళ్ళు ఇగ చాలు అన్నదాక ఇచ్చిన. నాయిన నిలవడ్డడు. మేక ముసల్దై, గల్లీ అందరి రొట్టెలు తిని పోయింది. నీళ్ళు ఆపకని అన్నప్పుడే, మేక దులపదని ఆమెకు ఎరుకనో, లేదో, నేను ఏనాడూ అడగలే.

మొన్న ఫోన్ పెట్టేసి లింబాయత్‌కు ఉరికిన. మొగడు, మా పెద్దనాయిన, బతికుండంగనే పెద్దమ్మ పోయింది గనుక, ఆమెకు పసుపు రాసి స్నానం చేపిచ్చిన్రు. నా చేతికి గూడ చెంబు ఇచ్చిన్రు. వణుక్కుంటనే పసుపునీళ్ళు పోసిన. ఆమె కండ్లు మూసుకుని ఉన్నది, కదలలే. ఇంకో చెంబు పోసిన. దులపలే తల్లీ, చూసినవు గదా, దులపలే, ఇడిసిపెట్టు అని లోపల్నే మొక్కిన. నా ఎనుక మా నాయిన దగ్గిండు.